కీళ్లవాతం ఉన్నవారికి ఒంటి మీద దద్దుర్లు, కణుతులు, పుండ్లు వస్తే ఏం చేయాలి?

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవారు, వారిని కనిపెట్టుకుని ఉండే కుటుంబసభ్యులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఒంటి మీద దద్దుర్లు లేచాయి, వాతం మందు ఆపేయవచ్చా?" ఇంకొందరు మోచేతి మీద లేచిన గడ్డను కోయించుకోవాలా అని అడుగుతారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. ఈ జబ్బు ఉన్నవారి చర్మం మీద వచ్చే మార్పుకు కారణం జబ్బే కావచ్చు, వాడుతున్న మందు కావచ్చు, మందులతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు, వీటిలో దేనితోనూ సంబంధం లేని మామూలు పొడిచర్మం కూడా కావచ్చు. కారణం తేలకముందే మందు మానేసినా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ పూసినా, డాక్టరు చూసే సమయానికి అసలు ఆనవాళ్లు చెరిగిపోతాయి. అందుకే ముందు చూసుకోవడం, రాసుకోవడం, ఆ తర్వాతే పూయడం అనే క్రమాన్ని పాటించమని గట్టిగా చెబుతున్నాను.

ఈ లక్షణాలుంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఆసుపత్రికి వెళ్లండి

- దద్దుర్లతో పాటు జ్వరం ఉండి, నోట్లో, కళ్లలో లేదా జననాంగాల దగ్గర పుండ్లు పడటం, చర్మం పొరలుగా ఊడిరావడం.
- పెదవులు, ముఖం వాచిపోవడం, ఊపిరి ఆడకపోవడం.
- మెథోట్రెక్సేట్ (వారానికొకసారి వేసుకునే వాతం మందు) వాడేవారికి నోటినిండా పూత పూసి, జ్వరం రావడం, దెబ్బ తగలకుండానే ఒళ్లు కమిలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం కారడం.
- వేళ్ల కొసలు నల్లబడటం, కాలి మీద ఉన్నట్టుండి నొప్పితో లోతైన పుండు పడటం.
- కాలు ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, ఆ ఎరుపు గంటగంటకూ పైకి పాకడం. స్టిరాయిడ్లు, బయలాజిక్ మందులు (రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే ఇంజెక్షన్లు) వాడేవారికి ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దగా జ్వరం రాకపోవచ్చు కనుక, జ్వరం లేదన్న ధైర్యంతో ఆగవద్దు.

మొదటి మూడింటిలో ఏదైనా ఉంటే అనుమానం ఉన్న మందు తర్వాతి డోసు వేసుకోకుండా, ఆ మందుల పెట్టెలన్నీ చేతపట్టుకుని అత్యవసర విభాగానికే వెళ్లాలి. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్రం దీనికి మినహాయింపు. కొన్ని వారాలుగా రోజూ వాడుతున్న స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక నోటుపుస్తకం, బాల్‌పాయింట్ పెన్ను, ఫోటో తీయగల ఫోను, రూపాయి బిళ్ల, పలుచని గాజు గ్లాసు, చేతిలో పట్టే అద్దం, వాసన లేని మాయిశ్చరైజర్ లేదా తెల్ల పెట్రోలియం జెల్లీ, నురుగు తక్కువగా వచ్చే మృదువైన సబ్బు, పుండుకు అంటుకోని గాజ్ గుడ్డ, కాగితం టేపు. ఖరీదైనవేవీ అక్కరలేదు. మాయిశ్చరైజర్ కొనేటప్పుడు మాత్రం నొక్కితే వచ్చే పంపు సీసా అడగండి. వేళ్లు బిగుసుకుపోయినవారికి ట్యూబు మూత తిప్పడం, అడుగంటా నొక్కడం ఎంత కష్టమో షాపులో నిలబడినప్పుడు గుర్తుకురాదు.

1. ఏమీ పూయకముందే చూడండి, ఫోటో తీయండి

పగటి వెలుతురులో, కిటికీ పక్కన నిలబడి, మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. దగ్గరి నుంచి ఒకటి, అది ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి తీయాలి. ఎర్రదనం పాకుతోందన్న అనుమానం ఉంటే దాని అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కనే సమయం రాయండి.

తర్వాత గాజు గ్లాసును ఎర్రమచ్చ మీద ఆనించి మెల్లగా నొక్కి, గాజులోంచి చూడండి. ఎరుపు పాలిపోతే అది మామూలుగా వాపుతో వచ్చిన ఎరుపు. నొక్కినా రంగు మారకుండా ఊదా, ఎరుపు చుక్కలు అలాగే ఉంటే చర్మం లోపల రక్తం చిమ్మిందని అర్థం. అది రక్తనాళాల వాపు వల్ల కావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గడం వల్ల కావచ్చు, అందుకే ఆ రోజే డాక్టరును కలవాలి. చామనఛాయ, నల్లని చర్మంలో ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. మచ్చ ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో ఉంటుంది కాబట్టి ఎదుటి కాలితోనో చేతితోనో పోల్చి చూడండి, వేడిని చేతి వెనక భాగంతో పరీక్షించండి.

2. మందుల తేదీలు రాయండి

ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, డోసు పెంచిన తేదీ, దద్దురు మొదట కనబడిన తేదీ రాయండి. నొప్పి మాత్రలు, ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్, ఎవరో తెచ్చిచ్చిన వాతం పొడి, పసరు మందు, ఇవన్నీ మందులే. దాపరికం లేకుండా రాయండి. వాతం పొడుల్లో పైకి చెప్పని స్టిరాయిడ్ కలిసిన సందర్భాలు ఉన్నాయి. పలుచబడి, చిన్న తగులుకే కమిలిపోయే చర్మం వెనక చాలాసార్లు అదే ఉంటుంది.

మందు వల్ల వచ్చే దద్దుర్లు ఎక్కువగా కొత్త మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, తీవ్రమైనవైనా సాధారణంగా తొలి రెండు నెలల లోపే కనబడతాయి. అయిదేళ్లుగా పడుతున్న మందును పక్కనపెట్టి, ముందు కిందటి నెల మొదలైనదాన్ని అనుమానించండి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క తీరు ఉంటుంది:

- సల్ఫాసలజీన్: సల్ఫా మందు. గతంలో సల్ఫా పడనివారు వాడకూడదు. జ్వరం, ముఖం వాపు, గ్రంథుల వాపుతో కూడిన దద్దుర్లు వస్తే మాత్ర ఆపి, ఆ రోజే చూపించుకోవాలి. మూత్రం నారింజ రంగులో రావడం మాత్రం ప్రమాదం కాదు.
- లెఫ్లునమైడ్: దద్దుర్లు, జుట్టు ఊడటం. మందు మానేసినా దాని ఆనవాళ్లు నెలల తరబడి, కొందరిలో రెండేళ్ల వరకు ఒంట్లో ఉంటాయి. తీవ్రమైన రియాక్షన్‌లో దాన్ని త్వరగా బయటకు పంపడానికి డాక్టర్లు కొలెస్టైరమీన్ అనే పొడి ఇస్తారు.
- హైడ్రాక్సీక్లోరోక్విన్: మచ్చ ఏదీ లేకుండానే దురద, కాళ్ల మీద, ముఖం మీద నీలిబూడిద రంగు మచ్చలు. ఇది కూడా ఒంట్లో నిదానంగా కరుగుతుంది కాబట్టి ఆపిన వారానికే దురద పోలేదని నిరాశపడవద్దు.
- మెథోట్రెక్సేట్: నోటి పూత, ఎండ పడకపోవడం. కీళ్లనొప్పి తగ్గుతున్నా వేళ్ల మీద చిన్న కణుతులు కొత్తగా లేవడం కొందరిలో ఉంటుంది.
- బయలాజిక్ ఇంజెక్షన్లు: సూది వేసిన చోట ఎర్రగా రావడం మామూలే. కొందరికి అరచేతుల్లో, అరికాళ్లలో సోరియాసిస్ లాంటి పొక్కులు లేస్తాయి.

కొద్దిపాటి దద్దురుకు మందు ఆపాలా వద్దా అన్నది రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) ఫోనులోనైనా అడిగి నిర్ణయించుకోండి. వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన నష్టం లేదు కాబట్టి, డాక్టరు మాట వినేవరకు ఆగవచ్చు. సొంతంగా నెలల తరబడి మానేయడమే నష్టం. కీళ్లు మళ్లీ వాచినప్పుడు లోపల జరిగే అరుగుదలను తర్వాత ఏ మందూ వెనక్కి తేలేదు.

3. ఏ రకమో పోల్చుకోండి

*గట్టి కణుతులు.* మోచేయి కింద, వేళ్ల కణుపుల మీద, మడమ వెనక, అంటే ఒత్తిడి పడే చోట, నొప్పి లేకుండా లేచే గడ్డలు చాలావరకు రుమటాయిడ్ కణుతులే. వాటిని పిసకకండి, సూదితో గుచ్చకండి. కోయించుకున్నా మళ్లీ లేవవచ్చు, పైగా ఆ గాయం పుండు పడవచ్చు. మోచేతులు బల్ల మీద ఆనించడం, గట్టి నేల మీద చీలమండలు ఆనేలా కూర్చోవడం తగ్గించి, మెత్తని గుడ్డ వేసుకుంటే చాలు. పైచర్మం పగిలినా, ఎర్రగా మారి నొప్పి పుట్టినా చూపించుకోవాలి. కాలి బొటనవేలి దగ్గర వాపు వచ్చి పోతుంటే యూరిక్ యాసిడ్ పరీక్ష కూడా అడగండి.

*అంచు లేచిన గుండ్రని మచ్చ.* గజ్జల్లో, నడుము చుట్టూ, రొమ్ముల కింద చక్రంలా పాకుతూ దురద పెట్టేది తామర. మన ఎండలకు, చెమటకు ఇది ఎవరికైనా వచ్చేదే కాని, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో తొందరగా పాకుతుంది. వంకర తిరిగిన వేళ్ల సందుల్లో, కీలుకు ఆసరాగా స్ప్లింటు కట్టే చోట కూడా తడి నిలిచి ఒరుసుకుపోతుంది.

*ఒకవైపు మాత్రమే పట్టీలా నీటి బొబ్బలు.* ముందు మంట, పోట్లు, తర్వాత బొబ్బలు. ఇది సర్పి. మంత్రం వేయించుకోవడం, జాజు పూయించుకోవడం అనే ఆనవాయితీతో నాలుగు రోజులు గడిచిపోతున్నాయి. వైరస్ మందు బొబ్బలు లేచిన 72 గంటల్లోపు మొదలైతేనే పూర్తి ఫలితం. కంటి పక్కన, ముక్కు కొస మీద వస్తే గంటలు కూడా ముఖ్యమే. టోఫాసిటినిబ్ లాంటి వాతం మందులు వాడేవారికి సర్పి ముప్పు మరింత ఎక్కువ. షింగ్రిక్స్ అనే రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. అందులో బతికున్న వైరస్ ఉండదు కనుక మీకు తగునా అని రుమటాలజిస్టును అడగండి.

*వెండిరంగు పొలుసులు.* తలలో, మోచేతుల మీద, బొడ్డు దగ్గర పొలుసులు ఉండి, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చి ఉంటే, మీ జబ్బు సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్‌తో వచ్చే కీళ్లజబ్బు) ఏమో అని డాక్టరును సూటిగా అడగండి. వైద్యం దారే మారిపోవచ్చు.

*పొడిబారి, గీరితే తెల్లగీతలు పడే చర్మం.* కళ్లు, నోరు కూడా ఎండిపోతుంటే షోగ్రెన్ సిండ్రోమ్ కీళ్లవాతంతో కలిసి ఉండవచ్చు. ఆ ఎండిపోవడాన్ని కూడా డాక్టరుకు చెప్పండి.

4. స్నానం మార్చండి

గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలకు మించకుండా స్నానం చేయండి. పొద్దున్నే కీళ్లు పట్టేస్తాయి కాబట్టి చాలామంది వేడివేడి నీళ్లు గుమ్మరించుకుంటారు. కీళ్లకు ఉపశమనమే కాని చర్మంలోని నూనె అంతా పోతుంది. దీనికి ఉపాయం ఏమిటంటే, చేతులను మాత్రం ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు ఉంచి, వేళ్లు వదులయ్యాక స్నానానికి వెళ్లడం. పీచు, రాయి వాడకండి. సున్నిపిండి ఇష్టమైనవారు రుద్దకుండా, పాలతోనో నూనెతోనో కలిపి పైపైన పూసి కడుక్కోవచ్చు. చర్మం పలుచబడినవారు, పుండ్లున్నవారు దాన్నీ మానాలి. తువ్వాలుతో అద్దుకోవాలే కాని తుడవకూడదు.

5. తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పూయండి

స్నానం అయిన మూడు నిమిషాల్లోపు పూస్తేనే తడి లోపల నిలుస్తుంది. చేతులు ఎత్తలేకపోతే కుర్చీలో కూర్చుని, ముంజేతి వెనక భాగంతో కాళ్లకు పాముకోవచ్చు. వీపుకు పొడవాటి పిడి ఉన్న లోషన్ పూసే కర్ర దొరుకుతుంది, లేదా పాత చెక్క గరిటెకు మెత్తని గుడ్డ చుట్టి వాడుకోవచ్చు. ట్యూబు నొక్కలేనివారు దాన్ని బల్ల అంచు మీద పరిచి, అరచేతి మడమతో కింది నుంచి పైకి అదిమితే వేళ్ల మీద భారం పడదు. మా పిన్ని బిగుసుకున్న వేళ్లతో ట్యూబు మూత తిప్పలేక రాత్రిపూట పూత మానేస్తూ ఉండేది. వారానికి సరిపడా క్రీమును వెడల్పు మూత ఉన్న డబ్బాలోకి తీసిపెట్టి, చిన్న చెంచా ఇచ్చాక క్రమం తప్పకుండా పూసుకుంటోంది. డబ్బాలో వేళ్లు ముంచకుండా చెంచాతోనే తీయడం ముఖ్యం.

కొబ్బరినూనె పొడిచర్మానికి పనికొస్తుంది. చెమట పట్టే మడతల్లో, తామర ఉన్నచోట మాత్రం పూయవద్దు.

6. డాక్టరు రాసిన మందును కొలత ప్రకారం పూయండి

చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండిన క్రీము దాదాపు అర గ్రాము. అది వేళ్లతో కలిపి పెద్దవారి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. వేలు వంకరపోయినవారు ఇంట్లో మరొకరి వేలితో కొలిపించుకోవచ్చు. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి లోపలి మడత దగ్గర చిన్న చోట, రోజుకు రెండుసార్లు, వారం పాటు పూసి చూసుకుంటే పడనిది ముందే తెలుస్తుంది.

చర్మ వైద్యుడు యాంటీబయాటిక్ రాసేటప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పాలి. కోట్రైమాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ దానితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. తామరకు నోటి మాత్రలు రాసినా చెప్పండి. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ వాడేవారి కాలేయం మీద ఎలాగూ ఒక కన్నేసి ఉంచాలి. సల్ఫా పడదని తెలిస్తే ప్రిస్క్రిప్షన్ పైభాగంలోనే పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు మెథోట్రెక్సేట్‌ను, బయలాజిక్ ఇంజెక్షన్‌ను తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు చెబుతుంటారు. తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో అదే రోజు అడిగి రాసుకోండి. ఆ తేదీ అడగకపోవడం వల్లనే తాత్కాలికంగా ఆపిన మందు పూర్తిగా ఆగిపోతుంది.

7. పుండ్లు, పలుచని చర్మం

పుండును శుభ్రమైన నీటితో లేదా సెలైన్‌తో కడిగి, అంటుకోని గాజ్ గుడ్డ వేసి, పైన కాగితం టేపుతోనో, పలుచని గుడ్డ కట్టుతోనో పట్టి ఉంచండి. స్టిరాయిడ్ వల్ల పలుచబడిన చర్మం మీద మామూలు ప్లాస్టరు అంటిస్తే, దాన్ని లాగేటప్పుడు కింది చర్మం కూడా ఊడివస్తుంది. పసుపు, కాఫీపొడి, బూడిద వేయవద్దు. పుండు అంచులు ఊదా రంగులో వేగంగా పెరుగుతుంటే గీకి శుభ్రం చేయించుకోకుండా ముందు డాక్టరుకు చూపించండి, కొన్ని రకాలు గీకితే మరింత పెరుగుతాయి. మధుమేహం కూడా ఉంటే రోజూ రాత్రి పడుకునే ముందు అద్దంతో అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఎవరినైనా చూడమనండి.

చుట్ట, బీడీ, సిగరెట్ మానాలి. పొగాకు రక్తనాళాలను బిగించి ఈ పుండ్లను మానకుండా చేస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చేరాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు దాన్ని పొగతాగడం కిందే లెక్కవేయరు.

8. ఎండ

పది నుంచి నాలుగు గంటల మధ్య బయటికి వెళ్లవలసివస్తే గొడుగు, చేతులు కప్పే నూలు బట్ట, ముఖానికి ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్. చెమట పట్టినా, రెండు గంటలు దాటినా తిరిగి పూయాలి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది, వారానికి ఒక్కరోజు వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకోవడం. మాత్ర పెట్టె మీద ఆ వారం పేరు, "బుధవారం మాత్రమే" అన్నట్టు, మందంగా రాసిపెట్టండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర దానితో కలిసిపోకుండా వేరే డబ్బాలో ఉంచండి. నోటి పూత పదేపదే వస్తుంటే మొదట ఈ రెండూ తారుమారయ్యాయేమో చూడండి.

రెండోది, స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీమ్. రెండు రోజుల్లో దురద పోతుంది, అందుకే ఒకరు మరొకరికి చెబుతారు. తామర మాత్రం లోలోపల పాకి, ఆకారం మారిపోయి, చర్మ వైద్యుడు కూడా వెంటనే గుర్తుపట్టలేని స్థితికి వస్తుంది. గజ్జల్లో చారలు పడితే అవి జీవితాంతం ఉంటాయి.

మూడోది కాపడం. జిల్లేడు ఆకును వేడిచేసి కీలుకు కట్టడం చాలా ఊళ్లలో ఉంది. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి, చేతితో కంటికి తగిలితే చూపుకే ముప్పు. ఉప్పుమూట, ఇసుకమూట, వేడినీళ్ల సంచి కూడా పలుచని చర్మాన్ని తెలియకుండానే బొబ్బలెక్కిస్తాయి. కాపడం తప్పనిసరి అనిపిస్తే తువ్వాలు అడ్డం వేసి, వేడిని ముందు ఇంట్లో మరొకరి చేతి మీద చూసి, పది నిమిషాలలో తీసేయండి. దద్దురు, పుండు ఉన్న చోట వద్దు. నొప్పి బామ్‌లు కూడా పగిలిన చర్మం మీద పూయరాదు, పూసిన చోట వేడి కాపడం అసలే పెట్టరాదు.

తగ్గుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. మొదటి ఫోటో తీసిన చోటే, అదే వెలుతురులో, అదే రూపాయి బిళ్లతో వారానికొకసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. దురదకు రాత్రి పడుకునే ముందు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి రాసుకోండి.

పొడిచర్మం రెండు వారాల క్రమబద్ధమైన పూతకు లొంగాలి. లొంగకపోతే అది వట్టి పొడిచర్మం కాదని అనుకోవాలి. పెన్నుతో గీసిన గీతను ఎరుపు దాటితే మందు పనిచేయడం లేదన్నమాట, మర్నాటి వరకు ఆగకండి. తామరలో మొదట పోయేది దురద, ఆ తర్వాత అంచు. అంచు చదునై నల్లమచ్చ మిగిలినా డాక్టరు చెప్పిన గడువు వరకు పూయాలి, మచ్చ చుట్టూ రెండు వేళ్ల మేర బాగున్న చర్మానికి కూడా పూయాలి. ఇంట్లో ఇతరులకు తామర ఉంటే వారికీ అదే సమయంలో వైద్యం చేయించి, తువ్వాళ్లు, లోదుస్తులు విడిగా ఉతికి ఎండలో ఆరేయాలి. కాలి పుండు ప్రతి వారం కొలతలో తగ్గాలి. నాలుగు వారాలకు చెప్పుకోదగ్గంత తగ్గకపోతే కట్టు మార్చుకుంటూ కూర్చోకుండా, రక్తనాళాల పరీక్ష, అవసరమైతే బయాప్సీ గురించి అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, ఫోటోలు, ఇటీవలి రక్తపరీక్షల కాగితాలు, వాడుతున్న మందులు, క్రీములు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. రుమటాలజీ, చర్మవ్యాధుల విభాగాలు రెండూ ఉన్న ఆసుపత్రి అయితే, రెండోచోట చూపించుకునే ముందు మొదటిచోట రాసిన కాగితం వారికి చూపండి. అవకాశం ఉంటే వెళ్లే రోజు ఉదయం ఆ చోట ఏ పూతా పూయకండి, గోరింటాకు, నెయిల్ పాలిష్ లేకుండా చూసుకోండి. గోళ్ల చుట్టూ చిన్న గోధుమ రంగు చుక్కలున్నాయేమో డాక్టరు మొదట అక్కడే చూస్తారు.